ఎండిన చెరువులో నాలుగు లెక్కల పరుగు

రెండువేల ఆరు. కొల్లేటి అంచున ఒక మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో నేను పీఈటీని. అంటే పిల్లల చేత ఆటలాడించే టీచర్ని. ఊళ్ళో అందరికీ డ్రిల్లు టీచరమ్మనే. ఏలూరు నుంచి బస్సెక్కితే గంటన్నర దారి. నేను చెప్పేది రాస్తున్నావా కీర్తనా? నేను ఆగిన చోట నువ్వూ ఆగు, మధ్యలో నీ సొంత మాటలు కలపకు.

ముప్ఫై ఏళ్ళు ఈల ఊదాను. మీ ఉద్యోగంలో మరిచిపోలేనిది ఏదండీ అని ఎవరైనా అడిగితే, గెలిచిన కప్పులు నాకు గుర్తు రావు. ఆ డిసెంబరులో సువార్త అనే పిల్ల కుడికాలు పోవాల్సింది. ఆటలో తగ్గిన వేగాన్ని నేను తెలివి అనుకోబట్టి అంతదాకా వచ్చింది. చివరికి అది ఎలా బయటపడిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

ముందు మా గ్రౌండు గురించి చెప్పాలి. ఆ వేసవిలో కొల్లేటి సరస్సులో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టేశారు. కాపలా కాసేవాళ్ళకీ, మేత మోసేవాళ్ళకీ, వల లాగేవాళ్ళకీ పని పోయింది. సరస్సు బయట ఉన్న చెరువుల్లో కూడా కొందరు ఆ ఏడు నీళ్ళు పెట్టలేదు. మా బడి వెనక అలాంటిదే ఒకటి ఉండేది. బడి ఆవరణ నవంబరుకి కూడా బురదగానే ఉంటే, ఆ చెరువు ఆసామిని వెళ్ళి అడిగాను.

"ఆడించుకోండి టీచరుగారూ, పడుందిగా," అన్నాడాయన. "కానీ పిల్లల్ని చెప్పుల్తో ఆడించండి. అడుగున ఏముందో నాకే తెలీదు."

మా పిల్లలకి ఆడే బూట్లు ఎక్కడివి? చెప్పులతో బంతి తన్నితే బంతి కంటే చెప్పు దూరం పోతుంది. ఉత్త కాళ్ళతోనే ఆడించాను.

ఎండిన చెరువు అడుగున ఎప్పుడైనా నిలబడ్డావా? మనం నడిచే చోట నిలువెత్తు నీళ్ళు ఉండాలి. చుట్టూ నాలుగు వైపులా గట్లు, మధ్యలో గిన్నె అడుగున ఉన్నట్టు మనం. మట్టి పలకలు పలకలుగా చీలి ఉంటుంది. పొద్దున పూట మంచు పైనుంచి దిగి ఆ గిన్నెలోనే కూర్చుంటుంది, ఎండ ఎక్కేదాకా కదలదు. బంతి తన్నితే చప్పుడు గట్టుకి తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చేది. వెనక ఇంకెవరో ఆడుతున్నట్టే ఉండేది. పిల్లలు మొదటి రోజు భయపడ్డారు, మూడో రోజుకి అలవాటు పడ్డారు. నేను మాత్రం అలవాటు పడలేదు. ఎవరితోనూ అనలేదనుకో.

ఇప్పుడు ఆట సంగతి. ఫుట్‌బాల్‌లో దాడి చెయ్యడమంటే ఖాళీ వెతుక్కోవడం. కొత్త పిల్లలు ఖాళీ కనపడ్డ చోటికి పరిగెడతారు. వెళ్ళేసరికి అది ఉండదు. ఖాళీ అనేది స్థలమే అయినా, అది తెరుచుకుని ఉండేది రెండు ఊపిరుల సేపే. అందుకని బంతిని మనిషి ఉన్న చోటికి కాదు, ఆ మనిషి రాబోయే చోటికి పంపాలి. ఎదుటివాళ్ళ డిఫెండర్ల మధ్యలోంచి వెనక ఖాళీలోకి అలా కొట్టే దాన్ని త్రూ పాస్ అంటారు. ఇందులో ఇంకో చిక్కుంది. బంతి మనవాళ్ళ కాలు వదిలే క్షణానికి మన పిల్ల ఎదుటివాళ్ళ చివరి డిఫెండరుని దాటి ముందుకు పోయి ఉండకూడదు. పోయి ఉంటే ఆఫ్‌సైడ్, ఈల వేసి బంతి వాళ్ళకి ఇచ్చేస్తారు. పరిగెత్తే పిల్ల తొందరపడినా తప్పే, బంతి కొట్టే పిల్ల ఆలస్యం చేసినా తప్పే.

ఈ సంగతి మిగతా పిల్లలకి చెప్పడానికి నాకు నెల పట్టేది. రూతుకి మాత్రం నేను చెప్పనే అక్కర్లేకపోయింది. వాళ్ళ నాన్న కాలవ మీద దోనె వేసేవాడు. ఆయనకి ఒంట్లో బాగోనప్పుడు తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లే గెడ పట్టి జనాన్ని దాటించేది. ఒకసారి నన్నూ ఎక్కించుకుంది. రేవు ఎదురుగా ఉంటే దోనె ముక్కు ఎక్కడో ఎగువకి తిప్పింది.

"రేవు అటుంటే ఇటు పోతావేంటే?" అన్నాను.

"నీళ్ళు మనల్ని కిందకి లాగుతాయి కదండీ. ఇటు చూపెడితే అటు చేరతామండి."

ఆ రోజే ఆ పిల్లని మధ్యలో ఆడించాలని తేల్చుకున్నాను. కుడిచివర గీత వెంబడి పరిగెత్తడానికి సువార్తని పెట్టాను. సువార్త వాళ్ళ నాన్న చెరువు కాపలాదారు, ఆ వేసవిలోనే పని పోయింది. ఇద్దరికీ ఒక లెక్క నేర్పాను. సువార్త బయల్దేరగానే రూతు మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలి. నాలుగు దగ్గర సువార్త డిఫెండరు భుజం దగ్గరికి చేరుతుంది. సరిగ్గా నాలుగుకి బంతి వెళ్ళాలి. తల ఎత్తి చూడకూడదు, చూస్తే ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది. వారం తిరిగేసరికి వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడమే మానేశారు. మంచులో సువార్త కనపడకపోయినా బంతి దాని కాలి ముందుకే వెళ్ళేది.

గట్టు మీద కూర్చుని నేనూ లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసేదాన్ని. నాలుగు, నాలుగు, నాలుగు. నవంబరు చివర్లో ఒక రోజు ఐదు వచ్చింది. మర్నాడూ ఐదే. రూతు బంతి మీద కాలు పెట్టి ఒక లెక్క ఎక్కువ ఆగుతోంది. అలా ఆగితే ఎదుటి డిఫెండరు బంతి లాక్కోవడానికి ముందుకొస్తుంది, వెనక ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళు చేసే పని అది. నేను పొంగిపోయాను.

"భేష్! భలే ఆపావే రూతూ! ఎవరు నేర్పారే నీకు?"

రూతు నవ్వలేదు. "నేనాపలేదండి," అంది.

వినయం అనుకున్నాను. ఆ ఐదు పక్కన 'భేష్' అని రాసుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తుంది.

డిసెంబరు మొదటివారంలో సువార్త వాళ్ళు ఊరు వదిలేశారు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పని దొరికిందట. వెళ్ళే రోజు నా దగ్గరికి వచ్చింది. రెండు కాళ్ళకీ మేజోళ్ళు వేసుకుని ఉంది. చెప్పుల్లో మేజోళ్ళు ఏంటే అని నవ్వాను.

"చలండి," అంది. "టీచరుగారండీ, ఏలూరు మ్యాచికి నేనొచ్చేత్తానండి. నా పేరు తీసెయ్యకండి. గూడెంలో పొద్దున్నే బండెక్కేత్తాను."

ఆ పోటీ చూసి ఏలూరులో ఒక హాస్టలు బడివాళ్ళు నలుగురు పిల్లల్ని తీసుకుంటారు. తిండీ చదువూ వాళ్ళదే. తీసుకుంటే సువార్త మిల్లుకి వెళ్ళక్కర్లేదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు. పేరు తీసెయ్యనని మాటిచ్చాను.

మర్నాడు పొద్దున నేను గట్టెక్కేసరికి కింద మంచులో రూతు ఒక్కతే ఉంది. బంతి మీద కాలు పెట్టి నిలబడి ఉంది. నాకు తెలీకుండానే లెక్కపెట్టాను. ఆరుకి బంతి కొట్టింది. అది మంచులోకి వెళ్ళి, కుడిచివర ఎక్కడో ఆగింది. వెళ్ళి తెచ్చుకుని మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఆరే. నేను కిందకి దిగి వెళ్ళి చూశాను. బంతి రెండుసార్లూ ఒక్కచోటే ఆగింది, మంచుకి తడిసిన మట్టిలో గుండ్రంగా గుర్తు పడింది.

"ఎవరికి కొడుతున్నావే?"

"సువార్తకండి."

"సువార్త గూడెంలో ఉందిగా?"

"ఆయ్, తెలుసండి."

"మరి?"

"అది బయల్దేరినట్టు నాకు తెలుత్తదండి. లెక్కెడతానండి. ఈమజ్జ కాత్త మెల్లగా వత్తందండి."

మెల్లగా రావడం ఏంటని అడుగుదామనుకున్నాను. ఈలోగా గట్టు నుంచి బంతి చప్పుడు తిరిగొచ్చింది. నువ్వు నవ్వకు. రూతు బంతి కొట్టి అప్పటికి చాలాసేపయింది. మిగతా పిల్లలు అవతల తన్ని ఉంటారని సర్దిచెప్పుకున్నాను. పైకెక్కి చూస్తే వాళ్ళింకా చర్చి దగ్గర మలుపు తిరుగుతున్నారు.

ఆ వారమంతా అలాగే గడిచింది. ఆరు ఏడయింది. బంతి ఆగే చోటు రోజురోజుకీ ఒక అడుగు ఇవతలికి వచ్చేది. రూతు కొట్టే బలం కూడా తగ్గించుకుంటోందన్నమాట, ముందున్న మనిషి అందుకోలేదని. నా నోటుపుస్తకంలో ఆ అంకెలు అన్నీ ఉన్నాయి. స్నేహితురాలు వెళ్ళిపోయిందన్న బెంగ, అదే సర్దుకుంటుంది అనుకున్నాను. పిల్లల మనసు నాకు బాగా తెలుసని నా నమ్మకం.

ఏలూరు మ్యాచి రోజు పొద్దున స్టేషను వైపు నుంచి వచ్చే ప్రతి ఆటోనీ చూశాను. సువార్త రాలేదు. దాని చోట్లో ఎస్తేరుని దింపాను. ఎస్తేరు చివరల్లో పరిగెత్తే పిల్ల కాదు. అందుకని, "నువ్వు మధ్యలోనే ఉండు, కుడిచివర ఖాళీగా వదిలెయ్," అని చెప్పాను.

అవతలి జట్టు పట్నం బడి పిల్లలు. వాళ్ళ చివరి డిఫెండరు పొడుగాటి పిల్ల, పేరు పర్వీను. మంచి ఆట దానిది, తొణికేది కాదు. మొదట్లోనే రూతు బంతి మీద కాలు పెట్టి ఆగింది. ఏడు. బంతి ఎవరూ లేని కుడిచివరకి వెళ్ళి గీత దాటిపోయింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు నవ్వారు.

"ఎవరికమ్మా ఆ బంతి, మీ తాతకా?" అని ఎవరో అరిచారు.

పర్వీను మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి ఆ ఖాళీ వైపే చూస్తోంది. అక్కణ్ణుంచి దాని ఆట మారిపోయింది. మాటిమాటికీ భుజం మీదుగా వెనక్కి చూడటం మొదలుపెట్టింది. రెండోసారి రూతు ఆగింది. ఐదు, ఆరు, ఏడు. పర్వీను ఉన్నట్టుండి తన చోటు వదిలి కుడిచివరకి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. అది వదిలేసిన చోట్లోకి ఎస్తేరు నడిచినట్టే నడిచింది. రూతు బంతి ఇటు తిప్పింది. గోలు.

మా ఆటలో దీన్ని డికాయ్ రన్ అంటారు. బంతి కోసం కాకుండా, ఎదుటి మనిషిని తన వెంట లాక్కుపోయి వేరేవాళ్ళకి ఖాళీ చెయ్యడానికి పరిగెత్తే పరుగు. నేను పిల్లలకి ఎన్నోసార్లు నేర్పాను. కానీ అలా పరిగెత్తడానికి ఒక పిల్లంటూ ఉండాలిగా.

సగం ఆటయ్యాక మంచినీళ్ళ దగ్గర పర్వీను నా దగ్గరికే వచ్చింది.

"టీచర్, ఆ చివర పరిగెడుతున్నమ్మాయి నంబరెంతండీ?"

"ఏ చివరమ్మా?"

"నా వెనకాలండి. ఆయాసపడుతోంది. ఊపిరి వినపడుతోంది, తిరిగి చూస్తే ఉండట్లేదు." మళ్ళీ ఆ చివర వైపే చూస్తూ, "ఒక కాలు ఈడుస్తోందండి," అంది.

వాళ్ళ టీచరు వచ్చి, "ఎండకి తల తిరుగుతున్నట్టుంది, నీళ్ళు తాగు," అని తీసుకుపోయింది. నేను నోటుపుస్తకం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆట మళ్ళీ మొదలైంది. కాసేపటికి రూతుకి బంతి అందింది. కాలు పెట్టి ఆగింది. ఏడు. ఎనిమిది. తొమ్మిది. కొట్టదు. ఇద్దరు పిల్లలు మీదికి వచ్చేస్తున్నా కదల్లేదు. "కొట్టవే రూతూ!" అని గీత పక్కనుంచి అరిచాను. పన్నెండు దాటింది. ఎదుటి పిల్ల వచ్చి దాని కాలి కిందనుంచి బంతి తీసుకుపోయింది. రూతు అలాగే నిలబడి కుడిచివర చూస్తోంది. ఆ ఏడాదిలో మొదటిసారి తల ఎత్తి చూసింది. తర్వాత నెమ్మదిగా నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఆగిపోయిందండి."

"ఎవరే?"

"మధ్యలో ఆగిపోయిందండి. ఇంక రాదండి."

చేతి గడియారం చూశాను. పన్నెండుంబావు. బెంచీ మీద కూర్చుని పుస్తకం తిరగేశాను, ఏం చెయ్యాలో తోచక. నాలుగు, నాలుగు, నాలుగు. తర్వాత ఐదు. పక్కన నా చేత్తో 'భేష్'. అప్పుడు తట్టింది నాకు. ఆ ఐదు వచ్చిన రోజు సువార్త మా దగ్గరే ఉంది. రూతు బంతి ఆపడం కాదు, సువార్తకే ఒక లెక్క ఎక్కువ పట్టింది. రూతు నాకు చెప్పనే చెప్పింది, నేనాపలేదండి అని. పిల్ల కాలికి ఏదో అయింది. అందుకే మేజోళ్ళు. ఇన్నాళ్ళూ నేను బంతిని చూశాను, కొట్టిన పిల్లని చూశాను. పరిగెత్తే పిల్ల పాదం చూడలేదు.

ఆ మ్యాచి ఓడిపోయాం. మిగతా పిల్లల్ని మాతో వచ్చిన తెలుగు టీచరుకి అప్పజెప్పి, రూతుని తీసుకుని గూడెం బండెక్కాను. మిల్లు వెనక రేకుల షెడ్లలో వెతగ్గా వెతగ్గా సువార్త వాళ్ళమ్మ కాంతమ్మ కనపడింది. నన్ను చూడగానే ఏడుపు అందుకుంది.

"నాలుగు రోజుల్నించీ జొరవండీ. కాలు వాసిందండి. పసుపూ పసరూ కడతన్నానండి. పెద్దాసుపత్రికి ఎల్దారంటే ఇది ఒప్పుకోదండి, టీచరుగారికి తెలిత్తే పేరు తీసేత్తారంటదండి."

లోపల చాప మీద పడుకుని ఉంది. కుడికాలు మోకాలిదాకా ఎర్రగా వాచి, బిగిసిపోయి ఉంది, రెండు వేళ్ళు నల్లబడ్డాయి. గదంతా వాసన. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గానీ మమ్మల్ని చూడట్లేదు. ఏదో గొణుగుతోంది.

"మజ్జాన్నం నించీ ఇదే వరసండి," అంది కాంతమ్మ. "పన్నెండింటికి మిల్లు కూతేసిన కాసేపటికి మొదలెట్టింది. ఇంక పరిగెట్టలేను, నిలబడిపోయాను, రూతూ బంతియ్యకు, బంతియ్యకు అని. రూతెవరండీ?"

నా పక్కన నిలబడ్డ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం బండిలో ఏలూరు తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరుగారు కట్టు విప్పి చూసి నా మీద కేకలేశారు. ఇంకో రెండు రోజులైతే మోకాలి కింద తీసేయాల్సి వచ్చేదన్నారు. రెండు వేళ్ళు తీసేసి కాలు నిలబెట్టారు. అరికాల్లోంచి వేలి గోరంత ఆల్చిప్ప ముక్క తీసి చూపించారు. అది మా గ్రౌండుది. ఎండిన చెరువు అడుగున దిగబడి ఉన్నది. ఆసామి చెప్పులేయించమన్నాడు, నేను వినలేదు.

సువార్తకి తెలివొచ్చాక అడిగాను.

"గుచ్చుకున్నప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే తీసేత్తారు కదండీ. మీరే భేష్ అన్నారు కదండీ."

ఇది రాయి కీర్తనా. కలం ఆపకు.

మా వృత్తిలో కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. జట్టు ఆటలో వేగం మారితే దాన్ని తెలివి అనుకునే ముందు పిల్లల ఒళ్ళు చూడండి. బంతి ఆలస్యంగా వెళ్ళిందంటే కొట్టిన పిల్లని మెచ్చుకోకండి, తిట్టకండి. అందుకునే పిల్ల దగ్గరికి వెళ్ళి, కూర్చోబెట్టి, పాదం చేతిలోకి తీసుకుని చూడండి. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆటకి ముందు ప్రతి పిల్ల అరికాళ్ళూ చూశాను. పిల్లలు నవ్వేవాళ్ళు, చక్కిలిగింతలండీ అని.

నవంబరులో ఐదు ఎందుకొచ్చిందో నేను చెప్పగలను. పిల్ల కుంటింది, రూతు కాలికి అది తెలిసింది. డిసెంబరులో ఆరూ ఏడూ ఎందుకొచ్చాయో చెప్పలేను. పర్వీను విన్న ఊపిరి గురించీ చెప్పలేను. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేసుకోమన్నారు, చేసుకున్నాను.

మరుసటి జూనులో బడి తెరిచాక మా మిషన్ వాళ్ళే సువార్తని హాస్టల్లో చేర్చుకున్నారు. చెరువు జోలికి మళ్ళీ పోలేదు, బడి ఆవరణలోనే ఆడించాను. మొదటి రోజు సాయంత్రం అందరూ వెళ్ళాక వాళ్ళిద్దరూ మిగిలారు. సువార్త కుడిచివర గీత దగ్గర నిలబడింది, కాలికి కాన్వాసు బూటు, ముందు గుడ్డలు కుక్కి. బయల్దేరింది. పరుగు కాదు, నడకే. రూతు బంతి మీద కాలు పెట్టి, తల ఎత్తకుండా, ఈసారి పైకే లెక్కపెట్టింది. పద్నాలుగు అన్నాక బంతి కొట్టింది. అది మెల్లగా దొర్లుకుంటూ వెళ్ళి సువార్త ఎడమకాలి ముందు ఆగింది.

పుస్తకంలో పద్నాలుగు అని రాసుకున్నాను. పక్కన ఏమీ రాయలేదు. లేచి వెళ్ళి, "కూర్చోవే," అని, ఆ బూటు విప్పి చూశాను.